మందు కొట్టే ముందు మొక్కను పరిశీలించే పద్ధతి

ఆకు పసుపు రంగుకు తిరగగానే వేపనూనె సీసా అందుకోవడం పెరటి తోటల్లో సర్వసాధారణమైన అలవాటు. అయితే కుండీల్లో పెరిగే మొక్కలు చాలాసార్లు పురుగుల వల్ల కాక నీళ్లు పోయడంలోని లోపం వల్లనే దెబ్బతింటాయి కాబట్టి, ముందుగా మట్టిలోకి వేలు దించి రెండు కణుపుల లోతున తడి ఉందో లేదో చూడాలి. పొడిగా ఉంటే నీళ్లు పోస్తే మొక్క తేరుకుంటుంది. మట్టి తడిగా ఉన్నా మొక్క వాడిపోయి ఉంటే మాత్రం ఇంకా నీళ్లు పోయకూడదు. గాలి అందక వేర్లు కుళ్లి, ఉన్న నీటిని కూడా పీల్చుకోలేని స్థితి అది కావచ్చు. మట్టిగడ్డతో సహా మొక్కను కుండీలోంచి తీసి చూస్తే సంగతి తేలిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న వేరు సాధారణంగా తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు గోధుమ రంగుకు మారి, పట్టి లాగగానే పైపొర ఊడివచ్చి లోపల సన్నని దారం మిగులుతుంది. వేర్లకు ముడులు కనిపిస్తే అవి నులిపురుగుల పని కావచ్చు. చిక్కుడు జాతి మొక్కల వేర్లపై గోటితో సులువుగా రాలిపోయే బుడిపెలు మాత్రం గాలిలోని నత్రజనిని మొక్కకు అందేలా మార్చేవి, వాటిని చూసి కంగారు పడనక్కర్లేదు.

వేర్లు బాగుంటే, పసుపు రంగు మొక్కలో ఎక్కడ మొదలైందో గమనించాలి. నత్రజని చాలనప్పుడు మొక్క పాత ఆకుల్లోని నిల్వను కొత్త చిగుళ్లకు తరలిస్తుంది కనుక అడుగు ఆకులు ముందుగా పాలిపోతాయి. ఇనుమును అలా తరలించలేదు కాబట్టి ఆ లోపం లేత ఆకుల్లో, ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపుబారడంగా కనిపిస్తుంది. మట్టిలో క్షారగుణం ఎక్కువైతే ఇనుము ఉండి కూడా వేరుకు అందదు. అలాంటి చోట ఎరువు పెంచడం వృథా.

పురుగుల విషయానికి వస్తే, ఆకు పైభాగం కన్నా అడుగుభాగమే ఎక్కువ చెబుతుంది. మిరపలో ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగులను, కిందికి ముడుచుకుంటే సాలీడు జాతికి చెందిన నల్లులను అనుమానించాలి. రైతులు పై ముడత, కింది ముడత అని వేరు చేసి చెప్పేది దీన్నే. ఈ రెండూ కంటికి సులువుగా ఆనవు కనుక, కొమ్మ కింద తెల్లకాగితం పట్టి రెండుసార్లు తట్టి, రాలిన చుక్కలు కదులుతున్నాయేమో చూడాలి. ఆకులు జిగటగా ఉండి, కాండం మీద చీమలు బారులు తీరితే పైన రసం పీల్చే పురుగులైన పేనుబంకో, పిండినల్లో, తెల్లదోమో ఉన్నట్టే. అవి విసర్జించే తీపి జిగురు కోసమే చీమలు వస్తాయి, ఆ జిగురు మీదే నల్లని మసి తెగులు పెరుగుతుంది; మసిని తుడిచినంత మాత్రాన ఫలితం ఉండదు. పేనుబంక గుంపుల మధ్య చిన్న మొసలిలా నల్లగా, నారింజ మచ్చలతో తిరిగే పురుగు కనిపిస్తే దాన్ని చంపవద్దు, అది పేనుబంకను తినే అక్షింతల పురుగు పిల్ల.

పేనుబంకను చాలావరకు బలమైన నీటిధారతోనే వదిలించవచ్చు. తప్పదనుకుంటే 5 మి.లీ. వేపనూనెను కొద్దిగా ద్రవ సబ్బుతో బాగా కలిపి, తరువాత లీటరు నీటిలో చేర్చి, ఒకటి రెండు ఆకుల మీద చల్లి మర్నాటిదాకా ఆగి చూసి, ఆకు మాడకపోతే సాయంత్రం వేళ ఆకుల అడుగున తడిసేలా పిచికారీ చేయాలి. మిగిలిన పురుగుల నుంచి మళ్లీ పిల్లలు వస్తాయి కనుక వారం తరువాత ఇంకోసారి తప్పదు.

టమాటా, వంగ, మిరప మొక్కలు ఆకులు పచ్చగా ఉండగానే ఉన్నట్టుండి వడలిపోతే, మట్టి తడిగానే ఉంటే, మొదలు దగ్గరి కాండం ముక్కను కోసి గాజు గ్లాసులోని తేట నీటిలో కొస మునిగేలా పట్టుకుని చూడాలి. కొద్ది నిమిషాల్లో కోత నుంచి పాలవంటి సన్నని ధార కిందికి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు. దానికి ఏ మందూ పనిచేయదు. మొక్కను వేర్లతో పెకలించి, కంపోస్టులో వేయకుండా పారవేయాలి. ఆ మట్టిలో కొన్నేళ్లపాటు ఈ మూడింటినీ, బంగాళాదుంపనూ నాటకూడదు, తవ్విన పారను కడగకుండా మరో మడిలో దించకూడదు.