పాత అలవాట్లు వదిలేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
ముందు బైబిల్లో ఎఫెసీ పత్రిక 4వ అధ్యాయం 22 నుంచి 32వ వచనం దాకా నిదానంగా చదవండి, అక్కడ ఆ పత్రిక రాసిన పౌలు ఊరికే మానేయమని చెప్పి వదిలేయలేదు, అబద్ధం మానేసి నిజం మాట్లాడాలి, దొంగతనం చేసేవాడు అది మానేసి కష్టపడి పనిచేసి లేనివాళ్ళకి ఇవ్వాలి, అంటే పాతది పోయిన చోట కొత్తది రావాలన్నమాట, చాలామంది సగంలోనే ఆగిపోతారు పాపం.

మీరు ఒక్క అలవాటే తీసుకోండి. "ప్రభువా నా తప్పులన్నీ క్షమించు" అని పైపైన కాదు, "నిన్న తమ్ముడి మీద అలా అరిచాను" అని సూటిగా ఒప్పుకోండి, వెంటనే తమ్ముడికి ఫోన్ చేసి సారీ చెప్పండి, కోపం పొద్దు గుంకేదాకా ఉంచుకోవద్దని 26వ వచనంలోనే ఉంది కదా.

మళ్ళీ పడిపోతే మాత్రం ప్రార్థన మానేయకండి ప్లీజ్, ఆ రోజే అది ఎక్కువ అవసరం. నమ్మకమైన విశ్వాసి ఎవరైనా ఉంటే వాళ్ళకి చెప్పుకుని కలిసి ప్రార్థన చేయండి.