నెల్లూరు కూరలతో రెడ్ వైన్: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

కాబర్నే సావిన్యాన్, షిరాజ్ లాంటి రెడ్ వైన్లు ముదురు రంగులో, చిక్కగా, వగరుగా ఉంటాయి. ఆల్కహాల్ సాధారణంగా 13 నుంచి 15 శాతం. నాసిక్ నుంచో బెంగళూరు దగ్గరి నందికొండల నుంచో వచ్చిన మంచి సీసా తెచ్చుకుని, ఇంటి కూరతో రెండు గుక్కలు తాగి, బాగాలేదని పక్కన పెట్టేస్తుంటారు మనవాళ్లు. చాలాసార్లు తప్పు వైన్‌ది కాదు. మన ఎండదో, కంచంలో ఉన్న కూరదో అయి ఉంటుంది.

సమస్య: చేపల పులుసుతో తాగితే నోరంతా నీచు, ఇనుము రుచి

వైన్‌లో కొద్దిపాటి ఇనుము ఉంటుంది. ఆ ఇనుము ఎక్కువైన కొద్దీ చేపతో తాగినప్పుడు నీచు వాసన పెరుగుతుందని 2009లో జపాన్ పరిశోధకులు చూపించారు. పైగా చింతపండు, మామిడికాయల పులుపు ముందు వైన్ చప్పగా తేలిపోతుంది.

దీనికి సర్దుబాటు వెతకొద్దు. నెల్లూరు చేపల పులుసుకు ఇంకో తోడు అక్కర్లేదు. రాత్రి వండి, మామిడి ముక్క పులుసు పీల్చుకున్నాక మర్నాడు అన్నంలో కలుపుకొని తినండి. వైన్ ఇంకో పూటకి ఉంచండి. గోంగూర మాంసం దగ్గరా పులుపుతో ఇదే చిక్కు.

సమస్య: కూర తిన్నాక గుక్క వేస్తే గొంతు మంట

మిరపకాయలోని క్యాప్సైసిన్ నోట్లో ఏ నరాలను మండిస్తుందో, ఆల్కహాల్ కూడా వాటినే రేపుతుంది. రెండూ కలిస్తే వైన్ రుచి తెలియదు, మంటే తెలుస్తుంది.

ఎండుకారం బాగా తగ్గించి, ఆ చోట మిరియాలు వేయండి. షిరాజ్‌లో తగిలే మిరియాల వాసనకు కారణం రోటండోన్ అనే పదార్థమని 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు బయటపెట్టారు. మన మిరియాల్లో ఉన్నదీ అదే. అందుకే మిరియాల మటన్ వేపుడు, షిరాజ్ నిజంగా కుదిరే జత. నన్నడిగితే ఈ సీసాకి మన జిల్లాల్లో ఇంతకన్నా మంచి కూర లేదు.

ఉడికిన ముక్కల్ని ఇనుప మూకుడులో సన్నసెగన వాటి కొవ్వులోనే వేగనివ్వండి. అంచులు ముదురు గోధుమరంగుకొచ్చి, మసాలా అడుగంటబోతుండగా కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, రెండు రెబ్బల కరివేపాకు వేసి దించేయండి. చింతపండు, టమాటా వద్దు. ఉప్పు మాత్రం సరిగ్గా పడాలి, అది చేదును అణుస్తుంది.

సమస్య: నాలుక ఎండిపోయినట్టు వగరు

ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుంటాయి. వట్టి వైన్ తాగితే వగరు తప్పదు. మాంసంలోని ప్రోటీను, కొవ్వు ఉంటే అది మెత్తబడుతుంది. శాకాహారులైతే పులుపు తగ్గించి, వేరుశెనగ, నువ్వుల మసాలాతో గుత్తివంకాయ చేసుకోండి. తాగే ముందు అరగంట, గంట గాజు జగ్గులో పోసి గాలి తగలనిస్తే ఇంకా నయం. ఇత్తడి, రాగి చెంబుల్లో పోయకండి, పులుపుకు లోహం కరుగుతుంది.

సమస్య: స్పిరిట్ వాసన, నోట్లో బరువు

రెడ్ వైన్‌ను గది వేడిలోనే తాగాలన్న మాట చలి దేశాలది. కావాల్సింది 16-18 డిగ్రీలు. మే నెల్లో ఒంగోలు, నెల్లూరు గదుల్లో అదెక్కడ దొరుకుతుంది? తాగే ముందు గంటన్నర, రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. తొందరైతే ఐసు నీళ్ల బకెట్‌లో పావుగంట చాలు. మరీ చల్లబరిస్తే మళ్లీ వగరు ఎక్కువవుతుంది.

సమస్య: మలై కాజా తిన్నాక వైన్ చేదు

తీపి ముందు తీపి లేని వైన్ పుల్లగా, చేదుగా మారుతుంది. గ్లాసు ఖాళీ అయ్యాకే కాజా పెట్టె తెరవండి.

సమస్య: ఏ కూరతోనూ బాగాలేదు

వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే బిరడా చెడింది. వెనిగర్ వాసనైతే వైన్ పులిసింది. బిరడా పైకి తన్నుకొచ్చి, ఉడికిన పండు రుచి వస్తే ఎక్కడో ఎండలో మగ్గిందన్నమాట. వీటికి మందు లేదు. దుకాణంలో మార్చి ఇమ్మని అడగండి. అడుగున నలుపు మడ్డి ఉంటే మాత్రం భయం లేదు, కదపకుండా పైతేట వంచుకోండి. ఇంట్లో అటక మీద, ఫ్రిజ్ నెత్తిన సీసాలు దాచొద్దు. తెరిచాక మిగిలింది మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో అవగొట్టండి.