రామప్ప కరపత్రం: ప్రెస్ నుంచి వచ్చాక బయటపడే తప్పులు

రామప్ప గుడికి ఏ4 సైజులో మూడు మడతల కరపత్రం వేస్తున్నారనుకుందాం. తెర మీద అంతా బాగానే ఉంటుంది. కట్టలు విప్పాకే టెన్షన్.

మదనిక ఫొటో నల్లగా ముద్దకట్టింది

గుడి గోడలు ఎర్ర ఇసుకరాయి, చూరు కింది మదనికలేమో (స్త్రీ శిల్పాలు) నున్నటి నల్లరాయి. తెరకు సొంత వెలుగు ఉంటుంది కాబట్టి నడుము పట్టీలోని పూసలు కూడా లెక్కపెట్టొచ్చు. కాగితానికి ఆ వెలుగు లేదు, పైగా సిరా కాస్త పాకుతుంది. ముందు ఫొటోను సీఎంవైకేలోకి (ప్రెస్‌లో వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతి) మార్చి, తర్వాత నీడ భాగాలను మాత్రమే ఫొటో సాఫ్ట్‌వేర్‌లోని కర్వ్స్ అనే టూల్‌తో పైకి లేపండి, అంటే వెలుగు పెంచండి. బ్రైట్‌నెస్ మొత్తంగా పెంచితే వెనకున్న ఎర్రరాయి వెలిసిపోతుంది. ఆ ఎరుపు పోతే అది రామప్పలా ఉండదు. వీలైతే పక్కనుంచి ఎండ పడే వేళ మళ్లీ ఫొటో తీయించండి, ఏ సాఫ్ట్‌వేరూ అంత పని చేయదు.

ఫొటో మసగ్గా ఉంటే వాట్సాప్‌లో మామూలుగా పంపినదై ఉంటుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. 10 సెం.మీ. వెడల్పుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 1,180 పిక్సెళ్లు కావాలి.

ఒత్తులు కింది లైనుకు తగులుతున్నాయి

ఇంగ్లీషు పేజీకి పెట్టిన లైన్ ఎడమే తెలుగుకూ ఉంచేశారు. ‘రుద్రేశ్వరాలయం’లో రావత్తు, వావత్తు రెండూ కిందికి దిగుతాయి. సరిగ్గా వాటి కింద ‘శిల్పి’ వస్తే శికారం గుడి వాటిలో ఇరుక్కుంటుంది. 10 పాయింట్ల అక్షరానికి 15, 16 పాయింట్ల ఎడం ఇవ్వండి. చోటు చాలదంటారా? అక్షరం తగ్గించకండి, మాటలు తగ్గించండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని రెండు ముక్కల్లో చెప్పొచ్చు.

అను ఫాంట్ల (డీటీపీలో వాడే పాత తరహా తెలుగు ఫాంట్లు) నుంచి, ఫోన్లలో, వెబ్‌లో వాడే యూనికోడ్‌కు మార్చిన మ్యాటరైతే ప్రూఫ్‌ను అక్షరం అక్షరం చదవండి. ఒత్తు మాయమయ్యేది ఎక్కువగా అక్కడే.

మడత శిల్పం ముఖం మీద పడింది

మూడు భాగాలూ 99 మి.మీ. చొప్పున కొట్టారు. లోపలికి మడిచేది 97, మిగతా రెండూ 100 ఉండాలి. వెనక పక్కకు వరస తిరగబడుతుంది. ముందే తెల్లకాగితం మడిచి, ఏ భాగం ఎక్కడొస్తుందో పెన్నుతో రాసుకోండి.

మ్యాప్ ఉన్నా దారి అడుగుతున్నారు

ఉత్తరం పైకి పెట్టి గీశారు. చూసేవాళ్లు నిలబడేది గేటు దగ్గర. గేటును అడుగున పెట్టి, ఎదురుగా కనిపించేది పైన గీయండి. చెప్పులు విడిచే చోటు, మంచినీళ్లు, టాయిలెట్, చెరువుకు దారి, ఈ నాలుగూ పెద్ద అక్షరాల్లో రాయండి.