పుచ్చగింజ భయం ఇలా పోగొట్టాను

వేసవి సెలవులకి శ్రీకాకుళం వచ్చిన మా చెల్లి కూతురు మధ్యాహ్నం నుంచీ నీళ్లు ముట్టలేదు. బుజ్జగించి అడిగితే చెప్పింది: "పుచ్చగింజ మింగీసాను మావయ్యా. నీల్లు తాగితే కడుపులో పాదు మొలిసెస్తాది కదేటి!"

మే నెల ఎండల్లో నీళ్లు మానేస్తే ఇంకేమైనా ఉందా! ముందు కొబ్బరిబొండం కొట్టించాను. అది నీళ్ల లెక్కలోకి రాదనుకుందో ఏమో, గటగటా తాగేసింది.

మింగిన గింజ ఒకట్రెండు రోజుల్లో ఎలాగూ బయటికి పోతుంది. భయం పోవాలి కదా! కొన్ని గింజల్ని తడిగుడ్డలో చుట్టాం, కొన్నిటిని గ్లాసుడు నిమ్మరసంలో వేశాం. మన కడుపులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, ఎంత తగ్గితే అంత పులుపు) 1.5 నుంచి 3.5 దాకా. నిమ్మరసమూ ఇంచుమించు అంతే పులుపు. పైగా మొలకకి కావలసినంత గాలి కడుపులో ఉండదు.

రోజూ పళ్లు తోమకముందే గుడ్డ విప్పి చూసేది. వారం తిరిగేసరికి గుడ్డలో గింజ నెర్రె విచ్చి తెల్లటి వేరు తొంగిచూసింది. నిమ్మరసంలోవి ఉలుకూ పలుకూ లేవు. ఇప్పుడు పక్కింటి పిల్లల్ని కూర్చోబెట్టి తనే పాఠం చెబుతోంది.

బాగా చిన్నపిల్లలకి మాత్రం గింజలు తీసే పెట్టండి, గొంతుకి అడ్డం పడతాయి.