కాలనీ ఖాళీ జాగాలో ఆటస్థలం కట్టే ముందు అట్టముక్కలతో కట్టి చూడండి

కాలనీలో ఖాళీ జాగా ఉంటుంది, చందాలు కొంచెం పోగవుతాయి, వెంటనే ఎవరో కేటలాగ్ తెరిచి ఒక జారుడుబల్ల, రెండు ఉయ్యాలలు ఆర్డర్ పెట్టేస్తారు. ఏప్రిల్ వచ్చాక ఆ రేకు మీద కూర్చున్న పిల్లాడు చుర్రుమని లేచి గెంతుతాడు. అట్టతో చిన్న మోడల్ చేసి ఎండలో పెట్టి ఉంటే, అక్కడ నీడ పడదని ముందే తెలిసేది.

కొలతలు. టేపు పట్టుకుని జాగా కొలవండి. చెట్లు, కరెంటు స్తంభం, మ్యాన్‌హోల్, జనం అడ్డంగా నడిచి నడిచి వేసిన కాలిబాట అన్నీ గుర్తించాలి. 1:50 స్కేలు తీసుకుంటే మీటరు 2 సెంటీమీటర్లవుతుంది, అంటే 20 × 15 మీటర్ల జాగా 40 × 30 సెంటీమీటర్ల అట్ట మీద సరిపోతుంది.

ముందు మనుషులు. 22 మిల్లీమీటర్ల పిల్లల్ని, 33 మిల్లీమీటర్ల పెద్దల్ని ఓ పది మందిని కత్తిరించి నిలబెట్టండి. వీళ్లు లేకపోతే ఏది ఎంత పెద్దదో కంటికి ఆనదు.

నేల. అసలు పని ఇక్కడే ఉంది. 3 మిల్లీమీటర్ల అట్ట ఒక్క పొర వేస్తే 15 సెంటీమీటర్లు, ఒక మెట్టు. మూడు పొరలైతే అరుగు: పిల్లలు దూకుతారు, తాతలు కూర్చుంటారు. పది పొరలైతే మీటరున్నర దిబ్బ. కొన్న సామాను కంటే నేల ఎత్తుపల్లాలే ఎక్కువ ఆడిస్తాయని నా నమ్మకం. శిల్పి ఇసాము నొగుచి 1933లో న్యూయార్క్ కోసం 'ఆటకొండ' అని ఒక మోడల్ చేశాడు, అక్కడ ఎవరూ కట్టలేదు. 1988లో జపాన్‌లోని సప్పోరోలో, చెత్త పోసిన చోట మోయెరెనుమా పార్కుకు డిజైన్ గీసి, మోడల్ చేసి, ఆ డిసెంబరులోనే పోయాడు. మిగతావాళ్లు దాన్నే పట్టుకుని 2005కల్లా పార్కు పూర్తి చేశారు, ఆటకొండ కూడా అందులోనే లేచింది.

అంటించకండి. నేల పొరలకు ఫెవికాల్ సరే (థర్మోకోల్ వాడితే ఘాటు వాసన రబ్బరు జిగురు జోలికి పోవద్దు, కరిగించేస్తుంది), మిగతావన్నీ గుండుసూదులతో గుచ్చి వదిలేయండి. తర్వాత పిల్లల్ని పిలిచి, మీరు నోరు మూసుకుని కూర్చోండి. అది కష్టమే. ఉయ్యాల చోటు నచ్చక పీకేస్తారు, దిబ్బ వెనకాల దాగుడుమూతలకు సందు అడుగుతారు, తొక్కుడుబిళ్ళకు చదును అడుగుతారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆర్కిటెక్ట్ ఆల్డో వాన్ ఐక్ 1947 నుంచి వందల ఆటస్థలాలు వేశాడు. వాటిలో ఉన్నది ఎక్కువగా వెడల్పు గట్టున్న ఇసుక గుంట, గెంతడానికి రాళ్లు, వేలాడే కమ్మీలు, అంతే. ఏది దేనికో పిల్లలే తేల్చుకున్నారు. ప్రతి మార్పుకూ ముందు ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

పరీక్షలు. మోడల్ ఉత్తరాన్ని అసలు ఉత్తరానికి తిప్పి, పది గంటలకు, ఒంటిగంటకు, నాలుగింటికి ఎండలో పెట్టండి, నీడలు అచ్చంగా జాగాలో పడినట్టే పడతాయి. కాకపోతే డిసెంబరులో చూసి మే నెలకు నమ్మొద్దు: హైదరాబాద్‌లో మే నడిమి నుంచి జులై చివరిదాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. ఫోన్‌ను అట్టపిల్లల కళ్ల ఎత్తులో పెట్టి ఫోటో తీస్తే, పిల్లాడికి ఏది గోడలా అడ్డొస్తుందో కనిపిస్తుంది. గుప్పెడు ఆవాలు దిబ్బ మీంచి వదలండి. అవి పోగైన చోటే వాన నీళ్లు నిలుస్తాయి, ఇసుక గుంట అక్కడ పెట్టొద్దు.

చివరగా 36 మిల్లీమీటర్ల వెడల్పు కాగితం పట్టీ కోసి, ఎక్కే ప్రతిదాని చుట్టూ తిప్పండి. అది 1.8 మీటర్ల ఖాళీ, పిల్లలు పడితే తలకు ఏదీ తగలకుండా. ఉయ్యాలకు ముందూ వెనకా మాత్రం ఇంకా ఎక్కువ కావాలి, గొలుసు వేలాడే కమ్మీ ఎత్తుకు రెట్టింపు. పట్టీ గోడకు గానీ అరుగు అంచుకు గానీ తగిలితే సూది పీకి జరపండి, సిమెంటు పోశాక జరగదు.