కాగజ్‌నగర్ లాంటి మిల్లు ఊళ్లో హైస్కూలు చరిత్ర రాయాలంటే

ముందు అడ్మిషన్ రిజిస్టర్ అడగండి. వార్షికోత్సవ సంచికల్లో పొగడ్తలే ఎక్కువ, వాటిని చివర్న చూసుకోవచ్చు.

నిజాం కాలం రిజిస్టర్లు చాలావరకు ఉర్దూలో, ఫసలీ (అప్పటి సర్కారీ పంట సంవత్సరం లెక్క) తేదీలతో ఉంటాయి. అందరూ తప్పేది ఇక్కడే. హైదరాబాద్ ఫసలీ ఏడాది అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. ఇంగ్లిషు సంవత్సరం రావాలంటే ఫసలీ ఏడుకి అక్కణ్ణుంచి డిసెంబరు దాకా 590, తర్వాతి నెలలకు 591 కలపాలి. 1352 ఫసలీ అంటే 1942–43. కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లులో ఉత్పత్తి మొదలైన రోజులు. అన్నిటికీ 590 కలిపితే జూన్‌లో చేరిన పిల్లలంతా ఏడాది వెనక్కి పోతారు.

ప్రాథమిక పాఠశాలగా పెట్టిన ఏడు, హైస్కూలుగా పెంచిన ఏడు వేరువేరుగా రాయండి. బోర్డు మీద ఉండేది రెంటిలో ఏదో ఒకటే.

తండ్రి వృత్తి గడి ఉంటే అదృష్టం. అయిదేళ్లకోసారి వంద పేర్లు తీసి మిల్లు కార్మికులు, రైతులు, వ్యాపారులు ఎందరో లెక్కగట్టండి. టీసీలు చింపి ఇచ్చాక పుస్తకంలో మిగిలే కౌంటర్‌ఫాయిళ్లు కూడా వదలొద్దు: మిల్లు 2014లో ఆగి 2018లో తెరుచుకుంది, ఎన్ని కుటుంబాలు ఊరు వదిలాయో అంచనా కట్టడానికి ఆ నాలుగేళ్ల టీసీలను ముందూ వెనకా ఏళ్లతో పోల్చండి.

ఫొటో తీసేటప్పుడు కుట్టు ఊడిన రిజిస్టర్‌ను అదిమి పరచకండి. రెండువైపులా పుస్తకాలు ఆనించి, కిటికీ వెలుగులో తీయండి. ప్రతి ఫొటోకి పేజీ నంబరు రాయండి.