గిట్టల పాఠాలు – 4: అరికాలి జోలికి వెళ్లకండి

ఈసారి నడక గురించి రాద్దామనుకున్నాను. గుర్రానికి లాడం తీశాక గిట్టను ఎలా చూసుకోవాలో చెప్పిన పోయిన పాఠం తర్వాత మీరు పంపిన ఫొటోలు చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. పదకొండు గుర్రాల ఫొటోలు వచ్చాయి. అందులో ఏడింటి అరికాళ్లు అప్పుడే సున్నం కొట్టిన గోడల్లా తెల్లగా, నున్నగా మెరిసిపోతున్నాయి. ఒక తమ్ముడైతే "చూడండి సార్, ఎంత నీట్‌గా వచ్చిందో" అని కూడా రాశాడు.

తప్పు కొంత నాదే. "లాడం తీశాక అడుగు శుభ్రం చేసి, అంచు గుండ్రంగా రుద్దండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. శుభ్రం చేయడమంటే మట్టీ పేడా తీయడమని నా ఉద్దేశం. మీరు కత్తి తీశారు.

సరే, ముందు చిన్న టెన్షన్ ఒకటి తీర్చేసి అసలు విషయానికొస్తాను. "అంచు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది, మళ్లీ లాడం కొట్టించాలా?" అని చాలామంది అడిగారు. అక్కర్లేదు, అది ఊడేదే. గిట్ట చుట్టూ ఉండే గట్టి పెంకును గోడ అంటాం. మేకులు దిగిన చోట ఆ గోడలో చిల్లులున్నాయి. పోస్టల్ స్టాంపు చిల్లుల వెంట చిరిగినట్టు గోడ ఆ వరుసలోనే విరుగుతుంది. గిట్ట ముందు భాగంలో గోడ నెలకు దాదాపు 8 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మేకు చిల్లు నేలకు 2 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి, అది కిందికి దిగి అరిగిపోయేసరికి రెండు, రెండున్నర నెలలు పడుతుంది. అన్నాళ్లూ పెచ్చులు ఊడతాయి. మీరు చేయాల్సిందల్లా అంచును గుండ్రంగా ఉంచడం. గోడ మందంలో బయటి మూడో వంతు మేర, 45 డిగ్రీల వాలుగా ఆకురాయి పట్టండి. కొత్త చాక్‌పీసు కొస పుటుక్కున విరుగుతుంది, అరిగిన కొస విరగదు. ఇదీ అంతే. పెచ్చు ఎంత ఎత్తున లేచిందో అక్కడిదాకా గోడంతా కోసేసి సమం చేశానని ఒకాయన రాశారు. అలా చేయకండి. గోడ పోతే బరువంతా అరికాలి మీదే పడుతుంది.

నేను రెండు వారాలకోసారి, కాలికి ఐదు నిమిషాల చొప్పున ఆకురాయి పడతాను. నెలన్నరకోసారి లాడాలు కొట్టే నాల్‌బంద్‌ను పిలిపించి ఒకేసారి బారెడు కోయించే పద్ధతి నాకు నచ్చదు. కొత్తవాళ్ల చేతికి గిట్ట కోసే పటకారు ఇవ్వడం అసలే నచ్చదు. పటకారు ఒక్క కొరుకుడులో తీసేదాన్ని తీయడానికి ఆకురాయికి ఇరవై గీతలు పడుతుంది. తప్పు చేస్తున్నామని తెలుసుకోవడానికి ఆ ఇరవై గీతల టైమన్నా ఉంటుంది. ఇది పిరికితనమని మా నాల్‌బంద్ భాయ్ నవ్వుతాడు. నవ్వనీ.

కాలు ఎత్తించడం, హూఫ్ పిక్ (గిట్ట అడుగున మట్టి తీసే కొక్కెం) పట్టుకోవడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. రాకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు అవి నేర్చుకోండి.

ఇక అరికాలు. గిట్ట లోపల కాలి చివరి ఎముక ఉంటుంది. చూడ్డానికి బుల్లి గిట్టలాగే ఉంటుంది. దాని కింద రక్తం పారే పలుచని పొర, ఆ పొర కింద అరికాలు. అంతకుమించి అక్కడ ఇంకేమీ లేదు. మంచి గిట్టలో ఈ అరికాలు మందం సెంటీమీటరు నుంచి సెంటీమీటరున్నర దాకా ఉంటుంది. రేసుల నుంచి రిటైరై మన చేతికొచ్చే థరోబ్రెడ్ జాతి గుర్రాల్లో చాలావాటికి అంతకంటే బాగా తక్కువే. ఏళ్ల తరబడి లాడం మందమంత ఎత్తున, నేల తగలకుండా బతికిన అరికాలు అది. మీ కత్తి ఒక్క గీతకు ఒకటి, రెండు మిల్లీమీటర్లు లేపుతుంది. అలాంటివి నాలుగు గీతలు గీస్తే లోపల ఏం మిగులుతుందో లెక్క మీరే వేసుకోండి.

నాకు చిరాకు తెప్పించేది ఒకటుంది. గిట్ట అడుగున మధ్యలో త్రికోణం ఆకారంలో రబ్బరు ముక్కలా ఉండేదాన్ని ఫ్రాగ్ అంటారని రెండో పాఠంలో చెప్పాను. దాని కొసకూ ముందు గోడకూ మధ్యలో చూడండి. లాడం తీసిన కొన్ని వారాలకు అక్కడ నెలవంక ఆకారంలో ఒక పట్టీ లేస్తుంది. చుట్టూ ఉన్నదానికంటే కాస్త ఉబ్బెత్తుగా, గట్టిగా, మైనం పూసినట్టు నిగనిగలాడుతూ ఉంటుంది. గోటితో కొడితే టక్కుమంటుంది. మిగతా అరికాలంతా చదునుగా ఉండి అక్కడొక్కచోట ఉబ్బు కనిపించేసరికి కొత్తవాళ్లకు అదేదో అదనంగా పెరిగిందనిపిస్తుంది. "ఇది నొక్కుకుని గుర్రానికి నొప్పి పెడుతుందేమో" అని జాలిపడి మరీ చెక్కేస్తారు. ఆ ఉబ్బు ఎముక ముందు కొసకు సరిగ్గా కింద ఉంటుంది. రాయి తగిలితే ముందు తగిలేది అక్కడే గనక గుర్రం తన కోసం తాను కట్టుకున్న కవచం అది. దాన్ని మీరు చెక్కితే అది మళ్లీ కడుతుంది, మీరు మళ్లీ చెక్కుతారు. ఏడాది తర్వాత "మా గుర్రానికి లాడం లేకుండా కుదరదు, దాని జాతే అంత" అంటారు. ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో! జాతి సంగతి తర్వాత, ముందు మీ కత్తి చూపించండి.

గిట్ట రంగు మీదా ఇలాంటి మాటే ఒకటుంది. తెల్ల గిట్ట మెత్తన, నల్ల గిట్ట గట్టి అంటారు. నమ్మకండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ చెక్కాను. నా మొదటి గుర్రం రేసుల నుంచి వచ్చిన ఎర్ర ఆడ గుర్రం. లాడాలు తీసి రెండు నెలలయింది. కొత్త కత్తి కొన్న ఆదివారం మధ్యాహ్నం ముందు కాళ్లు రెండింటికీ అరికాలు అద్దంలా చేసి ఫొటో కూడా తీసుకున్నాను. సోమవారం పొద్దున తబేలా గుమ్మం దాటడానికి అది వేసిన ఒక్కో అడుగు జానెడు కూడా లేదు. తల దించుకుని, వేడి పెనం మీద కాలు మోపుతున్నట్టు నడిచింది. గుర్రాన్ని చూసుకునే మా సైసు నన్ను ఒక్క మాట అనలేదు. ఎండుగడ్డి తెచ్చి దాని కాళ్ల కింద మందంగా పరిచాడు. తర్వాత నా చేతిలో ఉన్న కత్తి తీసుకుని వెళ్లిపోయాడు. ఆరు వారాలకు గుర్రం మామూలుగా నడిచింది. ఆ కత్తి ఎక్కడ పెట్టాడో ఇప్పటికీ చెప్పలేదు.

మరి అరికాలి నుంచి ఏదీ తీయకూడదా? తీయొచ్చు. హూఫ్ పిక్ మొండి వైపుతో గీకినప్పుడు సుద్దపొడిలా దానంతటది రాలేది రాలనివ్వండి. రాలనిది మీది కాదు. ఇంకో పరీక్ష కూడా చేయండి. ఫ్రాగ్ కొసకు ముందు రెండు బొటనవేళ్లు ఆనించి గట్టిగా నొక్కండి. ప్లాస్టిక్ డబ్బా మూతలా లోపలికి పోయి మళ్లీ పైకి వచ్చిందంటే అరికాలు మరీ పలుచగా ఉన్నట్టే. ఆ గుర్రం కంకర మీద కాలు పెట్టకూడదు, మీరు దాని మీద ఎక్కకూడదు.

ఇప్పటికే చెక్కేసినవాళ్లు వినండి. మెత్తటి మట్టి నేల, లేదంటే మందంగా ఇసుక. పాత యోగా మ్యాట్ ఉంటే గిట్ట ఆకారానికి రెండు పొరలు కత్తిరించి, అడుగున పెట్టి డక్ట్ టేపుతో చుట్టండి. టేపు గోడ మీదే ఉండాలి. వెంట్రుకలు మొదలయ్యే గీత దాటి పైకి బిగిస్తే రక్తం ఆడదు. రోజూ విప్పి, ఆరనిచ్చి, కొత్తది కట్టండి. గట్టిపడుతుందని ఇంజన్ ఆయిల్ పూసినాయన ఒకరున్నారు. దయచేసి కడిగేయండి.

"రాళ్ల మీద తిప్పితే అదే గట్టిపడుతుంది కదా" అని మూడు ఫోన్లొచ్చాయి. అందులో సగం నిజముంది. జెనోఫోన్ అనే గ్రీకు సేనాని క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే, మేకులు కొట్టే లాడాలు లేని కాలంలో, గుర్రాన్ని నిలబెట్టే చోట గుండ్రటి రాళ్లు పరవమని రాశాడు. గుండ్రటి రాళ్లు అన్నాడు. మన రోడ్డు పక్కన పోసే కంకర క్రషర్‌లో పగలగొట్టింది, ప్రతి ముక్కకూ కత్తి అంచు ఉంటుంది. మీకు కావాల్సింది వాగులో దొరికే సన్న గులకరాళ్లు, సెనగ గింజంత సైజువి. నీళ్ల తొట్టి ముందు జానెడు లోతున పోయండి. నీళ్లు తాగినప్పుడల్లా గుర్రం తనంతట తను వచ్చి నిలబడుతుంది. గులకలు కదిలి అరికాలంతా సమంగా ఆనుకుంటాయి. నిలబడాలో వద్దో, ఎంతసేపు నిలబడాలో దానికే వదిలేయండి. నేను చేసిన ఖర్చులన్నింటిలో గుర్రానికి ఎక్కువ పనికొచ్చింది ఈ అర ట్రాక్టరు గులకరాళ్లే.

బీచ్‌లో సవారీలు తిప్పే తమ్ముడి గుర్రం ఇసుకలో హాయిగా నడుస్తుందట, ఇంటికొచ్చే తారు రోడ్డు మీద మాత్రం కుంటుతోందట. వింతేం లేదు. గిట్ట తాను నడిచే నేలకు తగ్గట్టే తయారవుతుంది. ఇసుకకు అలవాటుపడిన గిట్టకు తారు రోడ్డు కొత్త ఊరు. రోజూ తారు మీద వంద అడుగులు పగ్గం పట్టి నడిపించి, వారానికింత పెంచుకుంటూ పోవాలి. పెళ్లి ఊరేగింపుల గుర్రమున్న ఇంకొకాయన ఆషాఢంలో ముహూర్తాలుండవు కదా అని అప్పుడు లాడాలు తీశారు. ఆలోచన బాగానే ఉంది గానీ శ్రావణం రాగానే బాజాలు మొదలు. ఒక్క నెలలో గోడ సెంటీమీటరు దిగితే గొప్ప, పైగా వానాకాలం, గిట్టలు నాని మెత్తబడి ఉంటాయి. ఊరేగింపులే మీకు బతుకుతెరువైతే ఈ సీజనుకు మళ్లీ లాడం కొట్టించుకోండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. ముందు అంచు పూర్తిగా కొత్తగా రావడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. అన్నాళ్లు గుర్రం పని చేయకుండా తిన్నా పర్లేదనుకున్నప్పుడు మళ్లీ మొదలుపెట్టండి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు అన్నారు, దాని ఖర్చు ముందే లెక్క చూసుకోండి. అన్నట్టు, ఆ దాణాలో బెల్లం మానేయండి. ఎందుకో ఏడో పాఠంలో చెబుతాను.

ఫ్రాగ్ గురించి రెండు ముక్కలు. మధ్య గాడిలోకి ఇయర్‌బడ్ దూర్చి తీయండి. నల్లగా, కుళ్లు వాసనతో వస్తే అక్కడ పుచ్చు ఉన్నట్టు. అది నొప్పి పెడుతుంది గనక గుర్రం మడమ మోపకుండా ముందు అంచు మీద అడుగేస్తుంది. మడమ నేలకు ఆనకపోతే వెనక భాగం ఎప్పటికీ బలపడదు. మనం ఇంత కష్టపడేది ఆ భాగం కోసమే. ఉప్పునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, సన్నటి గాజుగుడ్డ గాడిలో పెట్టి రోజూ మార్చండి. మైలుతుత్తం వాడేవాళ్లు పలుచగా వాడండి, రక్తం కనిపించే చోట అసలొద్దు. అడుగు ఎలా పడుతోందో తెలియాలంటే పక్క నుంచి ఫోన్లో స్లో మోషన్ తీయండి, మామూలు కంటికి దొరకదు.

ఉన్నట్టుండి ఒక కాలు నేలకు ఆనించకపోయినా, గిట్ట వేడిగా ఉన్నా, ముందు కాళ్లు చాచి బరువంతా వెనక్కి వేసి నిలబడినా నాకు ఫొటో పంపుతూ కూర్చోకండి. పశువుల డాక్టర్ని పిలవండి. అడుగున మేకు గుచ్చుకుంటే టెటనస్ సూది సంగతి అడగడం మర్చిపోకండి, గుర్రాలకు ఆ జబ్బు చాలా తేలిగ్గా వస్తుంది.

అభ్యాసం ఒక్కటే, కానీ పద్నాలుగు రోజులు చేయాలి. గిట్టకు పైన ఉబ్బెత్తుగా ఉండే కీలుంది కదా, ఫెట్‌లాక్ అంటారు. దాని వెనక పక్కల్లో, లోపలి వైపొకటి, బయటి వైపొకటి, వేళ్ల కింద తాడులా జారే, రక్తనాళాలూ నరాలూ కలిసిన కట్ట తగులుతుంది. అక్కడ నాడి కొట్టుకుంటుంది. నాలుగు కాళ్లకూ, పొద్దునొకసారి సాయంత్రమొకసారి వెతికి నోటుబుక్కులో రాయండి: దొరకలేదు, సన్నగా ఉంది, గట్టిగా కొడుతోంది. బాగున్న గుర్రానికి అది దొరకీ దొరకనట్టు ఉంటుంది. ఆ సన్నటి నాడి మీ వేళ్లకు అలవాటైతేనే, గిట్టలో మంట మొదలైన రోజు అది దడదడలాడుతుంటే తేడా తెలుస్తుంది. నడిపించి వచ్చిన వెంటనే చూడకండి, పావుగంట నిలబెట్టాక చూడండి.

మూడో రోజుకే "దొరకడం లేదు సార్" అని ఫోన్ చేయబోయేవాళ్లకు ముందే చెబుతున్నాను. మీరు గట్టిగా నొక్కుతున్నారు. నొక్కితే రక్తం ఆగుతుంది, ఇక నాడి ఎక్కడిది? వేళ్లు ఊరికే ఆనించి, ఇరవై లెక్కపెట్టేదాకా కదలకుండా ఉండండి.